చెంగ్డూలో బయట తినాలంటే ముందు నూనె సంగతి తెలుసుకోండి

ప్రశ్న: ఆఫీసు పని మీద రెండు వారాలు చెంగ్డూ వెళ్తున్నాను. మా ఆవిడ కూడా వస్తోంది. నేను చికెన్, చేపలు తింటాను గానీ బీఫ్, పోర్క్ ముట్టను. తను గుడ్డు వరకే. పచ్చళ్లు, ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు పట్టుకెళ్లి వాటితోనే గడిపేయమని అందరూ అంటున్నారు. మాకేమో అక్కడి వీధి తిండి, చిన్న హోటళ్లు చూడాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి? ఎలా అడగాలి? తెలియక తినకూడనిది తినేస్తామేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:

పచ్చళ్లు పట్టుకెళ్లండి, తప్పేం లేదు. కానీ వాటితోనే రెండు వారాలు గడిపేసి వస్తే మాత్రం నాకు బాధగా ఉంటుంది. చైనాలో తిండి కోసమే జనం రైలెక్కి వెళ్లే ఊళ్లలో చెంగ్డూ ముందుంటుంది. యునెస్కో 2010లో దానికి ఆహార కళల నగరంగా గుర్తింపు ఇచ్చింది. ఆసియాలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ రెండు కోట్ల పైచిలుకు మంది ఉన్నారు. ఏ సందులోకి తిరిగినా నాలుగు బల్లలు వేసుకుని వండి పెట్టేవాళ్లు కనిపిస్తారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆ ఊళ్లో ఉన్నాను. ఇండియా నుంచి వచ్చిన మనవాళ్లను, శాకాహారులతో సహా, వెంటబెట్టుకుని తిప్పిన అనుభవంతో చెబుతున్నాను: మీ ఇద్దరి నియమాలూ పాటిస్తూనే అక్కడ హాయిగా తినవచ్చు. కాకపోతే కొంచెం ముందస్తు సమాచారం కావాలి.

ఏ వీధికి వెళ్లాలని అందరూ అడుగుతారు. నా దృష్టిలో అంతకంటే ముందు అడగాల్సింది ఏ నూనెలో వండారని. చెంగ్డూలో మనవాళ్లు పొరపడేది ముక్కల దగ్గర కాదు, నూనె దగ్గరే. ఊరు ఊరంతా ఇష్టంగా తినే హాట్‌పాట్ తీసుకోండి. బల్ల మధ్యలో ఎర్రగా మరుగుతున్న రసం ఉంటుంది. అందులో పుట్టగొడుగులు, బంగాళాదుంప చక్రాలు, తామర దుంప, తోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముంచి ఉడికించుకుని తింటారు. నేను కూరగాయలే వేసుకుంటాను కదా అని శాకాహారి కూర్చుంటే చిక్కే, ఎందుకంటే ఆ ఎర్ర రసానికి ఆధారం చాలా చోట్ల ఆవు కొవ్వు. దాన్ని 'న్యౌ యౌ' అంటారు. చల్లారితే పైన తెట్టెలా గడ్డకట్టేది అదే. పుల్లలకు గుచ్చిన ముక్కలను ఉడికించి ఇచ్చే 'చ్వాన్ చ్వాన్', ఒక్కరికి సరిపడా గిన్నెలో పోసి ఇచ్చే 'మావ్ త్సాయ్' కూడా ఎక్కువగా ఇదే రసంతో చేస్తారు.

అలాగని హాట్‌పాట్ వదులుకోనక్కర్లేదు. 'ఛింగ్ యౌ' హాట్‌పాట్ అని ఇంకో రకం ఉంది. అందులో కొవ్వుకు బదులు ఆవజాతి గింజల నుంచి తీసిన నూనె వాడతారు. ఇది మీకు సరిపోతుంది. మీ ఆవిడకు మాత్రం ఇంకో మాట చెప్పాలి: ఛింగ్ యౌ అన్నా లోపల పోసే నీళ్లు ఎముకల రసం కావచ్చు. అందుకే మధ్యలో అడ్డుగోడ ఉన్న గిన్నె తీసుకుని, ఒక అర మీకు ఛింగ్ యౌ ఎర్ర రసంతో, రెండో అర తనకు పుట్టగొడుగుల రసంతో గానీ టమాటా రసంతో గానీ నింపమని అడగండి. ఆ రెండో దాంట్లో మాంసం రసం పోయవద్దని, ఉత్త నీళ్లే పోయమని చెప్పాలి. చెబితే పోస్తారు, విసుక్కోరు. నంజుకోవడానికి ఇచ్చేది నువ్వుల నూనె, అందులో దంచిన వెల్లుల్లి, కొత్తిమీర. మరిగే రసంలోంచి తీసిన ముక్కను ఆ నూనెలో ముంచితే వేడి తగ్గుతుంది, ఘాటూ తగ్గుతుంది. నూనెలో నూనె ఏమిటని వదిలేయకండి.

రెండో సంగతి ఖీమా. దీన్ని 'రౌ మో' అంటారు. చెంగ్డూ రాజధానిగా ఉన్న సిచువాన్ రాష్ట్రపు వంటలో కూరగాయల వంటకాలకు కూడా చిటికెడు ఖీమా చల్లడం అలవాటు. వాళ్ల లెక్కలో అది మాంసాహారం కాదు, రుచికోసం వేసే దినుసు. వంకాయ కూర, బీన్స్ వేపుడు రెండింట్లోనూ సన్నటి పంది ఖీమా పడుతుంది. ఇక మాపో తోఫు. తోఫు కదా, శాకాహారమే కదా అనుకుంటారు. చెంగ్డూలో 1862 నుంచి ఉన్నదని చెప్పుకునే చెన్ మాపో హోటల్ పద్ధతిలో అయితే అందులో పడేది బీఫ్ ఖీమా. కాబట్టి మీ ఇద్దరికీ పనికిరాదు, ఖీమా లేకుండా చేయమంటే తప్ప. 'బూ యావ్ రౌ మో' అంటే ఖీమా వద్దని. రెండు వారాల్లో మీరు ఎక్కువసార్లు వాడబోయే మాట ఇదే.

మూడోది పంది కొవ్వు, 'జూ యౌ'. నూడుల్స్ గిన్నె అడుగున ఒక చెంచా వేస్తారు, ఆకుకూరలు వేయించడానికీ కొందరు వాడతారు. 'త్సాయ్ యౌ'తో చేయమంటే మామూలు వంటనూనెతో చేస్తారు. ఆ నూనె వాసన ఆవనూనెకు దగ్గరగా ఉంటుంది. మొదటి రోజు వింతగా తోచినా త్వరగానే అలవాటైపోతుంది.

ఈ మాటలన్నీ నోటితో పలికితే వాళ్లకు అర్థం కాకపోవచ్చు. చైనా భాషలో స్వరం మారితే అర్థం మారిపోతుంది. అందుకే వెళ్లే ముందే అనువాద యాప్‌లో నాలుగు వాక్యాలు చైనా లిపిలో తయారు చేసుకుని, చైనా భాష తెలిసిన ఎవరికైనా చూపించి సరిచూసుకుని, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. మీది ఒకటి: బీఫ్, పోర్క్ తినను, ఆవు కొవ్వు, పంది కొవ్వు కూడా వద్దు, చికెన్, చేప, గుడ్డు తింటాను. మీ ఆవిడది ఇంకొకటి: మాంసం, చేప, ఎముకల రసం, జంతువుల కొవ్వు వద్దు, గుడ్డు తింటాను. 'శాకాహారిని' అని ఒక్క మాటతో సరిపెట్టవద్దు. కొన్నిచోట్ల ముక్కలు తీసేసి అదే రసంలో వడ్డిస్తారు. అందులో మోసం ఏమీ లేదు, వాళ్లకు అర్థమైంది అంతే. ఏది వద్దో పేరు పేరునా రాసి చూపిస్తే వంటమనిషి చదివి, తల ఊపి, ఏది చేయగలరో చూపిస్తారు. చిన్న హోటల్లో ఇది ఇంకా సులువు. వండేది, వడ్డించేది, డబ్బు తీసుకునేది ఒకే కుటుంబం, పొయ్యి మీ కళ్లెదుటే ఉంటుంది. వడ్డించే పెద్దావిడను 'న్యాంగ్ న్యాంగ్' అని పిలవండి. పిన్నీ, అత్తా అన్నట్టు ఆ ఊరి పిలుపు అది. విదేశీయుల నోట వింటే వాళ్లు ఎంత సంబరపడతారో!

ఇప్పుడు కారం సంగతి. గుంటూరు కారం తిన్నవాళ్లం, మాకేమవుతుంది అనుకుంటారు మనవాళ్లు. ఉత్త కారంలో నిజమే, పెద్దగా ఇబ్బంది ఉండదు. చెంగ్డూ వంటల్లో ఎక్కువగా పడే 'అర్ జింగ్ టియావ్' మిరపకాయ రంగుకు, వాసనకు పేరుపడ్డది. ఘాటులో మన తేజ రకం ముందు అది నిలవదు. గుంటూరు, ఖమ్మం వైపు పండే ఆ తేజ మిర్చి చైనాకు పెద్ద ఎత్తున ఎగుమతి అవుతోంది కూడా. మిరపకాయ వాళ్లకూ మనకూ అమెరికా ఖండం నుంచి సముద్రం మీదుగా వచ్చిందే. చైనా పుస్తకాల్లో దాని ప్రస్తావన 1591 నాటి ఒక రచనలో కనిపిస్తుంది. అంటే ఈ రుచి మనం అనుకునేంత పాతదేమీ కాదు.

మనకు కొత్త అనిపించేది కారం కాదు, తిమ్మిరి. 'హ్వా జియావ్' అని ఎర్రటి చిన్న కాయల పొట్టు ఉంటుంది. ఇది మిరియం కాదు, మిరపా కాదు, నిమ్మ కుటుంబపు చెట్టు కాయ. అది నాలుక మీద పడ్డాక కొన్ని క్షణాలు ఏమీ తెలియదు. తర్వాత పెదవులు జివ్వుమంటాయి, నోట్లో నీరూరుతుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2013లో దీన్ని కొలిచారు. పెదవి మీద సెకనుకు సుమారు 50 సార్లు కంపించే వస్తువు ఆనించినప్పటి అనుభూతితో ఇది సరిపోతుందని తేల్చారు. మొదటిసారి తినేవాళ్లు అలర్జీ వచ్చిందేమోనని కంగారు పడుతుంటారు. అలర్జీ అయితే పెదవులు వాస్తాయి, దురద పెడుతుంది. ఇది ఉత్త జివ్వుమనడం, కాసేపటికి తగ్గిపోతుంది. గిన్నెలో కాయలు కనబడితే నమలకుండా పక్కకు పెట్టండి. చల్లని నీళ్లు పెద్దగా పనిచేయవు. సీసాల్లో అమ్మే తియ్యటి సోయా పాలు తాగండి. ఆ ఊరివాళ్లు హాట్‌పాట్‌తో పాటు తాగేది అదే. మొదటి రెండు రోజులు 'వేయ్ లా', అంటే తక్కువ కారం చెప్పండి. మగతనం చూపించుకునే సందర్భం కాదిది. తిమ్మిరి అలవాటయ్యాకే మిగతా రుచులు, పులుపు, తీపి, నువ్వుల కమ్మదనం నాలుకకు తెలుస్తాయి.

మీ ఆఫీసు బహుశా నగరం దక్షిణాన హైటెక్ జోన్‌లో ఉంటుంది. హోటల్ కూడా అటే ఇస్తారు. అక్కడంతా అద్దాల భవనాలు, మాల్స్. బాగానే ఉంటుంది గానీ మీరు వెతికే చెంగ్డూ అది కాదు. మెట్రో 1వ లైన్ ఎక్కి ఉత్తరంగా వచ్చి వెన్‌షూ యువాన్ స్టేషన్‌లో దిగండి. మీ ఆవిడతో మొదటి పూట అక్కడే మొదలుపెట్టమని నా సలహా. వెన్‌షూ యువాన్ బౌద్ధ మఠం. మఠంలోనే శాకాహార భోజనశాల ఉంది. అక్కడ నూనె గురించి, ఖీమా గురించి అడిగే పనే లేదు. బౌద్ధ పద్ధతిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. సోయాతో, పుట్టగొడుగులతో మాంసం వంటకాల రూపంలో చేసి పెడతారు. చూడగానే అనుమానం వస్తుంది, అయినా భయం లేదు. మధ్యాహ్నం పెందలాడే వెళ్లాలి, ఆలస్యమైతే వంటకాలు అయిపోతాయి. తర్వాత ఆవరణలో టీ తాగుతూ కూర్చోవచ్చు.

మఠం ఎదురు వీధిలో జాంగ్ లావో అర్ అనే పాత దుకాణం ఉంది. పేరుపడ్డది 'లియాంగ్ ఫెన్', 'టియెన్ ష్వే మియన్' రెండింటికి. లియాంగ్ ఫెన్ అంటే బఠాణీ గంజి పిండిని ఉడికించి గడ్డకట్టించి, వేలి మందాన ముక్కలు కోసి, పైన మిరప నూనె, వెల్లుల్లి, సోయా, వెనిగర్ పోసి ఇచ్చే చల్లటి వంటకం. టియెన్ ష్వే మియన్ నూడుల్స్ దాదాపు చాప్‌స్టిక్ అంత లావుంటాయి, కొరికితే సాగుతాయి. పైన తియ్యటి సోయా పాకం, నువ్వుల ముద్ద, మిరప నూనె, వెల్లుల్లి. రెండింట్లోనూ మామూలుగా మాంసం ఉండదు. చెంగ్డూలో ఒకే ఒక్క వీధి వంటకం తినమంటే నేను ఈ లావు నూడుల్స్‌నే చెబుతాను. మొదట తీపి, వెనకాలే కారం, చివర్లో తిమ్మిరి, ఒక్క ముద్దలో మూడూ వరసగా వస్తాయి. గిన్నె చిన్నదే కాబట్టి చెరొకటి తీసుకోండి.

ఇక నూడుల్స్ కొట్లు. ప్రతి కాలనీలోనూ పొద్దున్నే తెరిచే కొట్టు ఒకటుంటుంది. అక్కడ ప్లేటు లెక్క కాదు, తూకం లెక్క. ఒక 'లియాంగ్' అంటే 50 గ్రాములు. 'అర్ లియాంగ్' అంటే రెండు, మామూలు ఆకలికి అది చాలు. కాసేపు నిలబడి చూడండి. అప్పుడే కడిగిన గిన్నెలు బల్ల మీద వరసగా పేర్చి ఉంటాయి. కొట్టు నడిపే ఆవిడ ఒక్కో గిన్నెలో సోయా, వెనిగర్, చిటికెడు పంచదార, హ్వా జియావ్ పొడి, దంచిన వెల్లుల్లి నీళ్లు, యా త్సాయ్ అనే ఊరబెట్టిన ఆవ కాడల తురుము వేస్తూ పోతుంది. చెంచా తిరిగి వెనక్కి రాదు, వరసంతా ఒకే ఊపులో పూర్తవుతుంది. ఆఖర్న మిరప నూనె, అడుగున పేరుకున్న మిరప గింజలతో సహా. నూడుల్స్ మరిగే నీళ్లలోంచి వెదురు జల్లెడతో తీసి, రెండుసార్లు విదిలించి గిన్నెలో వేస్తుంది. పైన ఉల్లికాడలు, వేయించిన పల్లీలు. కలుపుకోవడం మన పని, అడుగు నుంచి బాగా కలపాలి. ఆ చెంచాల వరసలో పంది కొవ్వు డబ్బా కూడా ఉంటుంది కాబట్టి ఆవిడ మొదలుపెట్టక ముందే స్క్రీన్‌షాట్ చూపించాలి. దన్ దన్ నూడుల్స్‌కు పైన వేసే ఖీమా పందిది. అది వద్దని, 'సూ మియన్', అంటే మాంసం లేని నూడుల్స్ చేయమని అడగండి. ఒకప్పుడు ఈ దన్ దన్ నూడుల్స్‌ను కావడిలో ఒక వైపు పొయ్యి, మరో వైపు సరుకు పెట్టుకుని వీధుల్లో తిరుగుతూ అమ్మేవారు. ఆ పేరు అలా వచ్చిందే.

గుడ్డు తినేవాళ్లకు చెంగ్డూలో ఒక మంచి వంటకం ఉంది, టమాటా, వేయించిన గుడ్డు వేసిన నూడుల్స్. 'జియెన్ దాన్ మియన్' అంటారు. కారం ఉండదు, పుల్లగా కమ్మగా ఉంటుంది, కడుపుకి తేలిక. నూడుల్స్‌లో పోసే రసం ఎముకలదా, ఉత్త నీళ్లా అని మీ ఆవిడ కోసం అడిగి తీసుకోండి.

భోజనం హోటళ్లకు వస్తే, 'ఈగల హోటళ్లు' అని ఆ ఊరివాళ్లే ముద్దుగా పిలుచుకునే చిన్న చిన్నవి ఉంటాయి. గోడలు పాతవి, బల్లలు జిడ్డు, కానీ వంట అమోఘం. బెంజికార్లలో వచ్చి ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని తింటారు. వీటికి వెళ్లాల్సిన వేళ ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండు లోపు, సాయంత్రం ఆరు లోపు వెళ్తే చోటు దొరుకుతుంది, వండే వాళ్లకు మీ మాట వినే తీరికా ఉంటుంది. రెండింటికి చాలా చోట్ల పొయ్యి ఆర్పేస్తారు, మళ్లీ ఐదింటికే. మన అలవాటుగా రాత్రి తొమ్మిదికి భోజనానికి బయల్దేరితే హాట్‌పాట్, చ్వాన్ చ్వాన్ తప్ప మిగిలేవి తక్కువ.

ఏం చెప్పాలి? మీ ఆవిడకు 'హూ పీ ఛింగ్ జియావ్': పచ్చి మిరపకాయలను మూకుడులో మచ్చలు పడేలా కాల్చి సోయా, వెనిగర్, వెల్లుల్లితో ముగిస్తారు. అన్నంలోకి ఇది ఒక్కటి ఉంటే చాలు. బంగాళాదుంపను దారాల్లా తరిగి కరకరలాడేలా ఉంచి చేసే వేపుడు, ఖీమా లేకుండా 'యూ షియాంగ్' వంకాయ, టమాటా గుడ్డు, వెల్లుల్లితో తూటికూర. చలికాలంలో వెళ్తే బఠాణీ తీగల చివుళ్లు దొరుకుతాయి, చెంగ్డూ వాళ్లకు ప్రాణం అవి. మీకు 'గోంగ్ బావ్' చికెన్. సిచువాన్ గవర్నరుగా పనిచేసిన దింగ్ బావోజెన్ బిరుదు మీద వచ్చిన పేరు అది. మన దగ్గర కుంగ్ పావ్ అని అమ్మేదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది, జిగట సాస్ ఉండదు, వెనిగర్, పంచదార, ఎండుమిరప, పల్లీలు విడివిడిగా తెలుస్తాయి. ఊరబెట్టిన ఆకుకూరతో చేసే పుల్లటి చేప కూడా బాగుంటుంది. కోడి ముక్కలు ఎముకలతో సహా చిన్నగా కొడతారు, చూసుకుని నమలాలి. అన్నం చివర్లో తేవడం అక్కడి పద్ధతి, ముందే కావాలంటే చెప్పాలి. షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ మాత్రం అడగకండి. అది మన దేశంలో పుట్టిన వంటకం, సిచువాన్‌లో ఎవరికీ తెలియదు.

పేరున్న పాత దుకాణాల గురించి చదివే ఉంటారు. ఫూ ఛీ ఫెయ్ పియన్ అంటే పశువుల పొట్ట, నాలుక వగైరా, మీకు వద్దు. జోంగ్ డంప్లింగ్స్, లోంగ్ చావ్ షౌ రెండూ పోర్క్. లాయ్ టాంగ్ యువాన్ వాళ్ల నువ్వుల ఉండలు చూడటానికి స్వీటే అయినా, పాత పద్ధతిలో లోపలి ముద్దలో పంది కొవ్వు కలుపుతారు. కుందేలు తలలు రాత్రిపూట చాలా చోట్ల కనిపిస్తాయి. చూసి జడుసుకోకండి, ఆ ఊరివాళ్లకు అది బీరుతో కబుర్లు చెప్పుకుంటూ తినే చిరుతిండి.

వీధుల్లో నిలబడి తినేవాటిలో మీ ఇద్దరికీ పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. 'దాన్ హోంగ్ గావ్' అమ్మేవాళ్లను ఎక్కడ చూసినా ఆగండి. అరచేతి వెడల్పున్న చిన్న ఇత్తడి పెనాలు నాలుగైదు పొయ్యి మీద ఉంటాయి. గుడ్డు, గోధుమపిండి, నల్ల బెల్లం కలిపి పులియబెట్టిన పిండి ఒక గరిటె పోసి, పెనాన్ని గుండ్రంగా తిప్పి మూత పెడతారు. అంచులు ఎర్రబడి మధ్య మెత్తగా ఉన్నప్పుడు లోపల పల్లీ-నువ్వుల పొడి, లేదా ఊరబెట్టిన కూరగాయల తురుము పెట్టి సగానికి మడుస్తారు. మాంసం పీచు రకం కూడా ఉంటుంది, అది కాకుండా వేలితో చూపించి తీసుకోండి. 'బింగ్ ఫెన్' వేసవిలో ప్రాణం లేచొచ్చే వస్తువు. ఒక మొక్క గింజలను గుడ్డలో కట్టి నీళ్లలో పిసికితే వచ్చే జిగురును సున్నపు తేటతో గడ్డకట్టిస్తారు. గాజులా మెరుస్తూ ఉంటుంది, పైన నల్ల బెల్లం పాకం, పల్లీలు, ఎండు ద్రాక్ష. 'సాన్ దా పావ్' కూడా చూడాలి. జిగురు బియ్యపు ముద్దలు మూడింటిని బల్ల మీదికి విసిరితే, బల్ల మీది రాగి పళ్లేలు ఢంఢంమని మోగుతాయి. ముద్దలు ఎగిరి వేయించిన సోయా పిండిలో దొర్లుతాయి. రుచి మామూలే, చూడటం బాగుంటుంది. 'తోడేలు పళ్లు' అని అలల్లా కోసి వేయించి, కారం, కొత్తిమీర కలిపి ఇచ్చే బంగాళాదుంపలు ఇంకా బాగుంటాయి. అందులో తెల్లటి వేరు ముక్కలు కనబడితే అది చేప వాసన వేసే ఒక ఆకు మొక్క వేరు. చేప కాదు, అయినా మీ ఆవిడకు ఆ వాసన పడకపోవచ్చు. వద్దంటే వేయరు.

వీధుల విషయానికి వద్దాం. జిన్ లీ, క్వాన్ జాయ్ సందులు రెండూ చూడటానికి బాగుంటాయి, ఒక సాయంత్రం నడవండి. 2008లో తీర్చిదిద్ది తెరిచిన క్వాన్ జాయ్ సందుల్లో పాత ఇళ్ల గుమ్మాలు చూడముచ్చటగా ఉంటాయి. తినడం మాత్రం వేరేచోట. అక్కడ అమ్మేది పర్యాటకుల కోసం, ధర ఎక్కువ, రుచి తక్కువ. కుర్రకారు తినే వీధి కావాలంటే చెంగ్హ్వా జిల్లాలో జియెన్ షె రోడ్. చ్వాన్ చ్వాన్, రాత్రి తిండి కావాలంటే యూ లిన్ కాలనీ. చ్వాన్ చ్వాన్ 1980లలో ఆ ఊళ్లోనే మొదలైంది, తిన్నాక పుల్లలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. ఇక్కడా ఛింగ్ యౌ రసం ఉందా అని అడిగాకే కూర్చోండి. వూ హౌ గుడి పక్క వీధుల్లో టిబెటన్ హోటళ్లు వరసగా ఉంటాయి. అక్కడ బంగాళాదుంప మోమోలు దొరుకుతాయి, జడల బర్రె మాంసం కూడా ఎక్కువే, కనుక్కుని తినండి. పోర్క్ భయం అస్సలు లేకుండా తినాలంటే టియెన్ ఫూ స్క్వేర్ దగ్గరి పాత మసీదు చుట్టుపక్కల హలాల్ హోటళ్లున్నాయి, కానీ బీఫ్ ఉంటుంది.

ఒక మధ్యాహ్నం పీపుల్స్ పార్కులో హె మింగ్ టీ తోటకు వెళ్లండి, మెట్రో 2వ లైన్‌లో పార్కు పేరుతోనే స్టేషన్ ఉంది. వెదురు కుర్చీలు, మూత ఉన్న కప్పులో మల్లెపూల టీ. ఒక కప్పు కొంటే వేడినీళ్లు ఎన్నిసార్లైనా పోస్తారు. చెవులు శుభ్రం చేసేవాళ్లు ఇనుప చువ్వ మోగిస్తూ బల్లల మధ్య తిరుగుతుంటారు.

డబ్బు విషయం వెళ్లేముందే చూసుకోవాలి. మన ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ పనిచేయవు. అక్కడ డబ్బు చెల్లించే యాప్‌లు అలీపే, వీచాట్. రెండింటిలోనూ 2023 నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి విదేశీ బ్యాంకు కార్డులు జోడించుకోవచ్చు. ఇంటి దగ్గరే ఇన్‌స్టాల్ చేసి, పాస్‌పోర్ట్ వివరాలిచ్చి, కార్డు కలిపి ఉంచుకోండి. అలీపేలో ఒకసారి చెల్లించేది 200 యువాన్లు దాటితే విదేశీ కార్డుకు 3 శాతం రుసుము పడుతుంది. చిన్న హోటళ్లలో అంత బిల్లు రాదు. నూడుల్స్ గిన్నె 10 నుంచి 20 యువాన్ల మధ్య ఉంటుంది, యువాన్ అంటే సుమారు 12, 13 రూపాయలు. బల్ల మీది క్యూఆర్ స్కాన్ చేస్తే మెనూ తెరుచుకుంటుంది, ఫోన్‌లోనే అనువాదం చేసుకోవచ్చు. కొంచెం నగదు కూడా దగ్గర ఉంచుకోండి. అక్కడి వైఫైలో గూగుల్ తెరుచుకోదు. మన సిమ్ అంతర్జాతీయ రోమింగ్‌తో సాధారణంగా తెరుచుకుంటుంది. దారికి మాత్రం 'ఆమ్యాప్' (Amap) అనే చైనా మ్యాప్ యాప్ పెట్టుకోండి, ఇంగ్లిష్‌లో ఉంది, సందులు కూడా సరిగ్గా చూపిస్తుంది. టిష్యూ ప్యాకెట్ జేబులో ఉండాలి. కుళాయి నీళ్లు తాగవద్దు, అడిగితే వేడినీళ్లు ఎవరైనా ఇస్తారు.

తిరిగి వచ్చే ముందు కూరగాయల మార్కెట్‌కు ఒకసారి వెళ్లండి. హ్వా జియావ్ అక్కడే కొనాలి. హాన్ యువాన్ ప్రాంతానిది పేరుపడ్డది, ముదురు ఎరుపులో ఉంటుంది. నాలుగు కాయలు అరచేతిలో నలిపితే నారింజ తొక్క వాసన రావాలి, లోపల నల్ల గింజలు తక్కువ ఉండాలి. ఇంటికొచ్చాక గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్లో పెడితే వాసన నిలుస్తుంది. రెండోది పీ షియెన్ దోబాన్, పెద్ద చిక్కుడు గింజలు, మిరపకాయలు, ఉప్పు కలిపి కుండల్లో ఊరబెట్టిన ముద్ద. పగలు మూత తీసి ఎండలో కలుపుతారు, రాత్రి మంచుకు వదులుతారు, వాన వస్తే మూసేస్తారు. మన ఇళ్లలో ఆవకాయ జాడీకి ఉన్న స్థానం అక్కడ దానిది. అందులో మాంసం ఉండదు కాబట్టి మీ ఆవిడకు కూడా భయం లేదు. వంకాయ ముక్కలు వేయించి, ఇది ఒక చెంచా, వెల్లుల్లి, అల్లం, కొంచెం వెనిగర్, పంచదార వేస్తే యూ షియాంగ్ వంకాయ ఇంట్లోనే అవుతుంది. హాట్‌పాట్ ముద్ద ప్యాకెట్లు కొనాలనిపిస్తే మాత్రం అవి కూడా రెండు రకాలుంటాయి, న్యౌ యౌ, ఛింగ్ యౌ. ప్యాకెట్ బొమ్మలు ఒకేలా ఉంటాయి. స్క్రీన్‌షాట్ కొట్టువాళ్లకు చూపించి, ఛింగ్ యౌది తీయించుకుని, చెకిన్ బ్యాగులో రెండు కవర్లలో చుట్టి పెట్టుకోండి.